లీడర్ అని పేరు రాసిన్రు గని, నేను లీడర్ అయ్యేది ఎట్ల?

ప్రశ్న: కనగల్ కోడలు

అందరికీ నమస్కారం. మాది నల్లగొండ జిల్లా, కనగల్ దిక్కు చిన్న ఊరు. ఇంటర్ దాక చదివిన. పెండ్లయి పదేండ్లు. ఎనిమిదేండ్ల సంది పొదుపు సంఘంల ఉన్న. మా దగ్గర సంఘం తరఫున బ్యాంకుకు పోయి సంతకం పెట్టే ఆమెను లీడర్ అంటరు. నేను మూడేండ్లు అట్ల లీడర్‌గ చేసిన. పది మంది పొదుపు పైసలు లెక్కపెట్టుడు, తీర్మానం పుస్తకంల రాసుడు, కిస్తీ కట్టుడు. దాంట్ల నాకు కష్టం అనిపించలే.

ఆగస్టుల నన్ను ఊర్ల పొదుపు సంఘాలన్ని కలిసిన గ్రామ సంఘానికి అధ్యక్షురాలిని చేసిన్రు. పాత ఆమె కొడుకు దగ్గరికి హైదరాబాద్ పోయింది. ఎవ్వరూ ముందుకు రాలే. "నీకు రాసుడొస్తది, నువ్వే ఉండు" అన్నరు, ఉన్న. ఈ వానకాలం వడ్ల కొనుగోలు సెంటర్ మా సంఘానికే వచ్చింది.

మా ఆడోళ్ల సంఘాలు నడిపే ఈ కొనుగోలు సెంటర్‌నే ఐకేపీ సెంటర్ అంటరు, నడిపినోళ్లకు ఆ బాధ తెలుసు. తెలవనోళ్లకు చెప్తున్న. బడి వెనక ఖాళీ జాగల ఎనభై కుప్పలున్నయి. ఎవరు ముందు పోస్తే వాళ్లకు ముందు నంబర్. తేమ 17 శాతం దాటొద్దు, తాలు పోవాలె, అప్పుడే కాంటా. బస్తాకు 40 కిలోలు. కాంటా కాంగనే లారీ రావాలె, మిల్లుకు పోవాలె, అక్కడ దిగాలె. ఒక్క కాడ ఆగితే మొత్తం ఆగుతది. బార్దాన్, అంటే ఖాళీ గోనె సంచులు, ఉన్ననాడు లారీ ఉండదు, లారీ వచ్చిననాడు హమాలీలు పక్కూరి సెంటర్ల ఉంటరు. రైతులు రాత్రిపూట కుప్పల కాడనే పండుకుంటున్నరు.

పోయిన శుక్రవారం మబ్బు పట్టింది. ఆరో నంబర్ కుప్ప కాంటా కావాలె. అది మా ఊర్ల మొగుడు పోయిన ఒక ఆమెది, ఎకరంన్నర కౌలు చేస్తది. మా పెద్దబావది పందొమ్మిదో నంబర్. బావ అంటే మా ఆయన పెద్దనాయన కొడుకు. పన్నెండెకరాల ఆసామి, ఊర్ల ఆయన మాట చెల్లుతది. వచ్చి హమాలీలతోని "కాంటా ఇటు పెట్టుర్రి" అన్నడు. హమాలీలు నా దిక్కు చూసిన్రు. ఆమె కూడ నా దిక్కే చూసింది. నేను తల వంచుకొని రిజిస్టర్ల ఏదో రాస్తున్నట్టు చేసిన. కాంటా బావ కుప్ప కాడికి పోయింది. పొద్దుగూకంగ వాన కొట్టింది. పైన పట్టా కప్పింది గని ఆమె కుప్ప అడుగంత తడిసింది. మల్ల ఆరబోసుడే.

ఆమె నన్ను ఒక్క మాట అనలే. తిడితే బాగుండు అనిపిస్తున్నది. నాలుగు రాత్రులైంది, నిద్ర లేదు.

నాయకత్వం పుట్టుకతోని రావాలె అంటరు కదా. నాకు మైకు పడితే చేతులు వణుకుతయి. ఇంట్ల పెద్దోళ్ల ముందల గొంతు లేవదు. అసలు మనుషులు నాయకులు ఎట్లయితరు? నేర్చుకుంటే వస్తదా? లేకపోతే వచ్చేటోళ్లకు ఇచ్చి నేను దిగిపోవుడు మంచిదా? ఇంకా యాభై కుప్పలకు పైన ఉన్నయి, ఎవరన్న జర తొందరగ చెప్పుర్రి.


జవాబు: సూర్యాపేట సోషల్ సారు

అమ్మా, ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు సాంఘికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. నువ్వు అడిగిన "పుట్టుకతో వస్తుందా" అన్న మాట ప్రతి ఏడాదీ ఎవరో ఒక పిల్ల అడిగేది. నేను మా పక్క ఊరి మనిషి గురించే చెప్పేవాణ్ని.

మల్లు స్వరాజ్యం 1931లో కర్విరాల కొత్తగూడెంలో పుట్టింది. భూములున్న ఇల్లు. పదేళ్లు దాటీ దాటని వయసులోనే, ఇంట్లో పెద్దలు కాదంటున్నా, ఆకలితో ఉన్న వెట్టి కూలీలకు ధాన్యం పంచింది. ఈ ఒక్క ముక్క విని "చూశారా, పుట్టుకతోనే నాయకురాలు" అంటారు. నేను ఒప్పుకోను. ఆ ధాన్యం పంచడం దయ. ఆ తర్వాత ఆమె ఊరూరా తిరిగి ఉయ్యాల పాటలు పాడింది. బతుకమ్మ ఆడే ప్రతి ఆడమనిషికీ ఆ బాణీ తెలుసు. వెట్టి గురించీ, దొరల దౌర్జన్యం గురించీ ఆ బాణీలోనే చెప్పింది. అంటే ముందు వాళ్ల నోట్లో ఉన్నదాన్ని తాను నేర్చుకుంది, తర్వాతే వాళ్లు ఆమె వెంట నడిచారు. సాయుధ పోరాటంలో రాజక్క అన్న పేరుతో దళంలో తిరిగింది, ఆమె తలకు 10,000 రూపాయల వెల కట్టారు. 1978లో, 1983లో తుంగతుర్తి నుంచి ఎమ్మెల్యే అయింది. పదవి ఎప్పుడొచ్చిందో చూడు. ధాన్యం పంచిన నాటికీ అసెంబ్లీకీ మధ్య ముప్పై ఏళ్లకు పైనే.

ఇంకొకటి గమనించు. ఆమె మొదట ఎదిరించింది నిజాంను కాదు, సొంత ఇంటి పెద్దలను. నీకూ అక్కడే వచ్చింది చిక్కు. అందరికీ అక్కడే వస్తుంది. బయటివాళ్లతో కొట్లాడడం ఎంతో తేలిక.

మైకు సంగతి. పాలమూరు మనిషి, గోలకొండ పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డి గారిని తీసుకో. తెలంగాణలో కవులే లేరని ఎవరో రాస్తే ఆయన కోపంగా ఉపన్యాసం ఇచ్చి ఊరుకోలేదు. ఊళ్ల నుంచి పద్యాలు తెప్పించి, 1934లో 354 మంది కవులను ఒక్క సంచికలో అచ్చు వేసి చూపించారు. ఓపికగా పేర్లు కూర్చడం, వరుస పెట్టడం కూడా నాయకత్వమే. నీ చేతిలో ఉన్న రిజిస్టర్ తక్కువదని అనుకోకు. దాని వెనక దాక్కోవద్దు, అంతే.


జవాబు: మిర్యాలగూడ తమ్ముడు

సార్ చెప్పింది మంచిగుంది గని నేను ఒప్పుకోను. అక్కా, మీ బావ కాంటా తిప్పుకున్నది నాయకత్వం తోని కాదు, పన్నెండెకరాల తోని. మా మండలంల చూస్తున్న కదా. భూమి, కులం, పైసలు ఈ మూడు ఉన్నోడే మైకు కాడ ఉంటడు. లేనోడు గ్రామసభల గోడకు ఆనుకొని నిలబడతడు. పంచాయతీలల్ల సీట్లు రిజర్వు చేసిన 73వ రాజ్యాంగ సవరణ 1993 నుంచి అమల్ల ఉన్నది. ఆడోళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు కుర్చీలైతే వచ్చినయి. ఆ కుర్చీల కూసునేది మాత్రం మొగుడో, వెనకున్న పటేలో. ఆమె ఒక్కతి ధైర్యం తెచ్చుకుంటే సరిపోతదా? రేపు ఆ ఇంట్లనే బతకాలె కదా ఆమె. సలహా ఇచ్చేటోళ్లు అది కూడ ఆలోచించాలె.


జవాబు: నాగర్‌కర్నూల్ మాజీ సర్పంచ్

తమ్మీ, నువ్వు చెప్పిన కుర్చీల నేను కూసున్న. అందుకే రాస్తున్న.

2019 జనవరిల మా ఊరు బీసీ మహిళకు రిజర్వు అయింది. మా ఆయనకు నిలబడాలని ఉండె, వీలు గాక నన్ను నిలబెట్టిండు. గెలిచిన. మొదటి ఆరు నెలలు అన్నీ ఆయనే. నేను చెక్కుల మీద సంతకం పెట్టేదాన్ని. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం సర్పంచ్, ఉప సర్పంచ్ ఇద్దరు పెడితేనే చెక్కు చెల్లుతది. మా ఇంటికి చెక్కుబుక్కు తెచ్చేటోళ్లు, నేను చేతులు తుడుచుకొని వచ్చి పెట్టేదాన్ని.

ఒక గ్రామసభల ఒక ముసలవ్వ లేచి అడిగింది. "బిడ్డా, మా గల్లీల లైటు వెలగక రెండు నెలలాయె. లైట్లకు పైసలు తీసినమని రాసిన్రట, సంతకం నీదేనట. ఏడున్నయి అవి?" నాకు ఆ బిల్లు సంగతే తెలవదు. మా ఆయన లేవబోయిండు. అవ్వ అన్నది, "నిన్ను అడుగుతలే నాయినా, ఓటు ఈమెకేసిన."

ఆ రాత్రి చెప్పిన మా ఆయనకు, చదవకుండ ఇంక సంతకం పెట్టనని. కొట్లాట అయింది, అబద్ధమెందుకు. కార్యదర్శిని కూసోబెట్టుకొని బిల్లుల పుస్తకం చదువుడు నేర్చుకున్న. నాకు ఏడో తరగతే. రెండు నెలలు పట్టింది. తర్వాత పొద్దుగాల ఐదున్నరకు ట్యాంకు కాడికి నేనే పోయేదాన్ని, ఏ గల్లీకి నీళ్లెక్కుతలేవో చూసేదాన్ని. 2024 ఫిబ్రవరిల పదవి పోయింది. ఇప్పటికీ నల్ల రాకపోతే మా ఇంటికే వస్తరు.

కనగల్ చెల్లె, భయం పోయినంక పని చేస్త అనుకోకు. నాకు ఐదేండ్లు భయమే ఉండె. ఇంట్ల ఒక్కరినన్న నీ దిక్కు తిప్పుకో. మొగుడైతే మంచిది, కాకపోతే ఆడిబిడ్డ అయినా సరే. తమ్ముడు చెప్పినట్టు ఆ ఇంట్లనే బతకాలె నువ్వు.


జవాబు: పాలమూరు మేస్త్రీ

నాకు రాసుడు రాదు, మా మనుమరాలు రాస్తున్నది. నాకు అరవై మూడు. మాది దేవరకద్ర దిక్కు. పాలమూరు లేబర్ అంటే మీకు తెలుసు. నేను పద్నాలుగేండ్లకే అమ్మ నాయినల వెంట వలస పోయిన. కాలువలు తవ్వినం, రోడ్లేసినం, బిల్డింగులకు పునాదులు తీసినం. బొంబాయి, పూణె, సూరత్. తర్వాత గుంపు మేస్త్రీనైన. మేస్త్రీ అంటే కాంట్రాక్టర్ దగ్గర అడ్వాన్సు తెచ్చి మనుషులకు పంచి, వాళ్లను తోలుకపోయి పని చేయించి, మల్ల ఇంటికి తెచ్చేటోడు. తలకు ఇంత అని కమీషన్ ఉంటది. మేస్త్రీలంటే జనానికి కోపమే, ఉత్తగ రాలే ఆ కోపం.

నేనెట్లయిన్నో చెప్త బిడ్డా. 1991ల పూణె బయట టెలిఫోన్ కేబులు కోసం కందకం తవ్వుతున్నం. దినం కూలి కాదు, కొలత మీద పైసలు. మట్టిని బ్రాసుల లెక్క కొలుస్తరు, బ్రాసు అంటే నూరు ఘనపుటడుగులు. మూడడుగుల లోతు తవ్వాలె. నడుమ ఒక కాడ బండ తగిలింది, అక్కడ రెండున్నరే దిగింది. సూపర్‌వైజర్ సరిగ్గ ఆ బండ మీదనే టేపు పెట్టి, మొత్తం రెండున్నర అని రాసుకున్నడు. మా పాత మేస్త్రీ చూసి చూడనట్టు ఉన్నడు. నువ్వు రిజిస్టర్ల రాస్తున్నట్టు చేసినవు చూడు, అట్లనే.

నాకు టేపు చూసుడు వస్తది, ఒక సుతారి నేర్పిండు. రాత్రి కందిలి పట్టుకొని నేనూ, ఇంకో పిల్లగాడూ కందకం పొడుగుత పది జాగల కొలిచినం. సిమెంటు సంచి కాగితం మీద బొగ్గుతోని రాసినం. పొద్దుగాల దాన్ని సూపర్‌వైజర్‌కు చూపెట్టలే. మా గుంపుకే చదివి చెప్పిన. "ఇక్కడ మూడు, ఇక్కడ మూడుకు రెండు వేళ్లు ఎక్కువ, బండ కాడ రెండున్నర." ఇరవై ఆరు మంది విన్నరు. పనికి దిగకుండ అందరు కందకం అంచున కూసున్నరు. నేను కూసోమని చెప్పలే. పగటి వరకు మల్ల కొలిచిన్రు.

ఆ ఏడు పీర్ల పండుగకు ఊరికొస్తే పన్నెండు జంటలు మా వాకిట్లకు వచ్చి "ఈసారి నీ వెంట వస్తం" అన్నరు. నన్ను మేస్త్రీ చేసింది కాంట్రాక్టర్ కాదు బిడ్డా, ఆ సిమెంటు సంచి కాగితం.

ఇంక నా తప్పు చెప్త. ఇది ఎక్కువ పనికొస్తది నీకు. నేను మేస్త్రీనైన ఐదో ఏడు సూరత్ దగ్గర పని. ఇరవై మూడు మంది. కాంట్రాక్టర్ నా ఒక్కనితోని అన్నడు, పైనుంచి పైసలు ఆగినయి, ఎప్పుడొస్తయో తెలవదని. నేను ఎవ్వరికీ చెప్పలే. జనం భయపడతరు, పని ఆగితే ఉన్నది కూడ పోతదని నాకు నేనే అనుకున్న. ఇరవై రోజులు కడుపుల పెట్టుకున్న. వాళ్లు ఎండల మట్టి మోస్తున్నరు, దానికి కూలి వస్తదో రాదో నాకొక్కనికే తెలుసు. ఒకనాడు పొద్దుగాల చూస్తే కాంట్రాక్టర్ లేడు, షెడ్డుకు తాళం. 1979ల వలస కూలీల చట్టం వచ్చింది, కాంట్రాక్టర్‌కు లైసెన్సు ఉండాలె, రాకపోకల ఖర్చు ఇయ్యాలె అని దాంట్ల ఉండెనట. మా చేతుల ఒక్క కాగితం లేదు, ఎవని మీద చెప్పాలె?

నా భార్య కడియాలమ్మి అందరికి బండి ఖర్చు పెట్టి ఊరికి తెచ్చిన. ఎడ్లను అమ్మి, రెండు ఉగాదుల దాక కూలి కట్టిన. పైసల సంగతి జనం విడిచిపెట్టిన్రు. "నీకు ఇరవై రోజుల ముందే తెలుసు గదా" అన్న మాట మాత్రం విడిచిపెట్టలే. ఒక ముసలాయన చచ్చిపోయేదాక నాతోని మాట్లాడలే. ఆయన వేరే మేస్త్రీ వెంట పోయిండు, వాడు నాకంటే ఎక్కువ కోసేటోడు. అయినా పోయిండు.

అప్పటి సంది ప్రతి ఆదివారం గుంపునంత కూసోబెట్టి లెక్క చదివి చెప్పిన. వచ్చింది ఎంత, ఖర్చులకు ఇచ్చింది ఎంత, నా కమీషన్ ఎంత, ఇంకా రానిది ఎంత. కమీషన్ చెప్పుడు మొదటి ఆదివారం నోట్లెకెళ్లి రాలే. చెప్పినంక మాత్రం ఇదివరకు ఒక్కనాడు రానంత నిద్ర వచ్చింది.

నీకు చెప్పేది ఇంతే బిడ్డా. మొదలు ఆ కౌలు చేసే ఆమె కాడికి పో. ఇంట్ల కాదు, సెంటర్ల, పది మంది ముందల చెప్పు శుక్రవారం తప్పు నీదని. రెండోది, బార్దాన్ ఎన్నున్నయి, లారీ వస్తదా రాదా, రోజు పొద్దుగాల నువ్వే ముందు చెప్పు. రాదంటే రాదనే చెప్పు. అందరికి తెలిసిన నంబర్‌ను మార్చాలంటే మీ బావకు కూడ నోరు రాదు. మైకు ఎందుకు దానికి?


కనగల్ కోడలు (పన్నెండు రోజుల తర్వాత)

అందరికి దండాలు. పని వత్తిడిల ఇయ్యాల రాస్తున్న.

పెద్దనాయనా, మీరు చెప్పినట్టే మరునాడు పొద్దుగాల పోయిన. ఆమె వడ్లు నెరుపుతున్నది. కాళ్లు వణికినయి. హమాలీలు, రైతులు పదిహేను మంది దాక ఉన్నరు. "శుక్రవారం నీ నంబర్ ఉండె, నేను నోరు తెరవలే, తప్పు నాది" అన్న. ఆమె వడ్లు నెరుపుకుంటనే "సరే తీయ్, నా పట్టాకు బొక్క ఉన్నది, ఇంకోటి ఉంటే ఇయ్యి" అన్నది. ఇచ్చిన. తేమ 17 లోపుకు వచ్చేసరికి నాలుగు రోజులు పట్టింది. 82 బస్తాలు అయినయి. అడుగునవి రెండు బస్తాల దాక మొలకలొచ్చినయి, అవి పోయినయి. వాటి పైసలు నేనిస్తనంటే తీసుకోలే.

అంగన్‌వాడీ నల్లబోర్డు అడుక్కొచ్చి సెంటర్ల పెట్టిన. రోజు ఏడు గంటలకు రాస్తున్న. బార్దాన్ ఎన్ని, లారీలు ఎన్ని, ఇయ్యాల ఏ నంబర్ నుంచి ఏ నంబర్ దాక కాంటా. సంఘానికి వచ్చే కమీషన్ కూడ రాసిన, అది ఊర్ల ఎవ్వరికీ తెలవదట. మా ఇంటి కుప్ప ముప్పై ఒకటి, దాని వంతుకే అయింది.

పోయిన సోమవారం బావ మల్ల వచ్చిండు. ఆయన రెండో కుప్ప యాభై ఎనిమిది. కాంటా ఇటు తెమ్మన్నడు. తల ఎత్తి మాట్లాడిన గని గొంతు మంచిగ రాలే, సగం మాటలు మింగిన. "బావా, మీది యాభై ఎనిమిది. ఇయ్యాల నలభై నాలుగు దాకనే బార్దాన్ ఉన్నది" అన్న. బోర్డు చూపెట్టిన. ఆయన అన్న మాటలు ఇక్కడ రాయను. హమాలీలు కాంటా కదిలియ్యకుండ చెట్టు కింద పోయి కూసున్నరు. మా సంఘం ఆడోళ్లు ఆరుగురు పట్టాలు మడుస్తున్నోళ్లు వచ్చి కాంటా చుట్టు నిలబడ్డరు, ఒక్క మాట మాట్లాడలే. బావ ట్రాక్టర్లేసుకొని ఆ వడ్లు ప్రైవేటు మిల్లుకు తోలిండు. ధర తక్కువకు పోయినయని విన్న. నాకు సంతోషమేం కాలే, అవి కూడ మా ఇంటి పంటనే.

మిర్యాలగూడ తమ్మీ, నువ్వన్నది నిజమే. అత్తమ్మ రెండు రోజులు నా చేతి బువ్వ తినలే. బావ ఇంట్ల పిల్లకు చెవులు కుట్టిచ్చిన్రు, మమ్ముల పిలవలే. మా ఆయన మొదటిరోజు మాట్లాడలే. రెండోరోజు పగటీలి నాకు సద్ది తీసుకొని సెంటర్‌కు వచ్చిండు, బస్తాలు కుట్టుడు మొదలుపెట్టిండు. సర్పంచ్ అక్కా, తిప్పుకునుడంటే ఇదేనో ఏమో నాకు తెలవదు, నేనైతే ఏం చెప్పలే ఆయనకు.

సార్, రిజిస్టర్ వెనక దాక్కోవద్దన్నరు కదా. ఆ మాట రిజిస్టర్ అట్ట లోపల రాసుకున్న. రాజీనామా కాగితం కూడ దాంట్లనే ఉన్నది, ఇంకా చింపలే.

పద్నాలుగు కుప్పలు మిగిలినయి. రేపు రెండు లారీలు పంపుతమని ఫోన్ల చెప్పిన్రు. ఒకటే వస్తదని నాకు అనుమానం. బోర్డు మీద "లారీలు రెండు అన్నరు, ఒకటి పక్కా" అని రాసిపెట్టి వచ్చిన.